ఇంటర్వ్యూ పాసయ్యాక, ప్రమాణానికి ముందు

(అమెరికాలో ఒక పబ్లిక్ లైబ్రరీ హాలులో, ఆదివారం మధ్యాహ్నం తెలుగు కుటుంబాల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఆదివారం భోజనాలయ్యాక కాస్త నడుం వాల్చే వేళ మీరంతా ఇక్కడికి వచ్చారంటేనే విషయం ఎంత బరువుగా ఉందో అర్థమవుతోంది. ముందుగా ఒక మాట చెప్పేస్తాను. నేను లాయర్ని కాను. చాలా ఏళ్లుగా మనవాళ్లకి సిటిజన్‌షిప్ ఫారాలు నింపడంలో సాయం చేస్తున్నాను. అంతకుముందు నా సొంత ఓత్ కోసం, అంటే పౌరసత్వం చేతికొచ్చే ప్రమాణం కోసం, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ అయ్యాక పద్నాలుగు నెలలు ఎదురుచూశాను. నేను చెప్పబోయేదంతా ఆ రెండు అనుభవాల నుంచి వచ్చిందే.

ఈ కాగితం చూడండి. వెనక ఉన్నవాళ్లకి కనపడకపోతే తర్వాత దగ్గరికొచ్చి చూడండి. ఇంటర్వ్యూ అయిపోయాక ఆఫీసరు మన చేతిలో పెట్టే కాగితం ఇది, ఎన్-652 అంటారు. పైన మీ పేరు, ఇంటర్వ్యూ తేదీ, ఇంగ్లిష్ పరీక్ష, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) పరీక్ష పాసయ్యారా లేదా అన్నది ఉంటాయి. కింద కొన్ని గడులుంటాయి. ఒక గడి పక్కన అభినందనలు అని ఉంటుంది. చాలామంది అక్కడితో చదవడం ఆపేసి, కారెక్కగానే ఇండియాకి ఫోన్ చేసి 'అమ్మా, సిటిజన్‌షిప్ వచ్చేసింది' అని చెప్పేస్తారు. ఆ గడి పక్కనున్న వాక్యం పూర్తిగా చదవండి. ఆమోదించమని సిఫారసు చేశాం అంటుంది. తుది ఆమోదం దొరికితే ప్రమాణానికి ఎప్పుడు, ఎక్కడికి రావాలో తెలియజేస్తాం అంటుంది. దొరికితే! ఆ ఒక్క మాటలోనే ఇవాళ్టి మన సబ్జెక్టంతా ఉంది. ఇంకో గడి ఉంటుంది, మీ దరఖాస్తు మీద ఇప్పుడే నిర్ణయం తీసుకోలేం అని. మా వారికి మొదటి గడిలో టిక్ పెట్టారు. అదే రోజు, అదే బిల్డింగులో, గంట తేడాతో ఇంటర్వ్యూ అయిన నాకు రెండో గడిలో పెట్టారు. ఒకే కవర్లో పెట్టి పోస్టు చేసిన దరఖాస్తులు రెండూ.

మూడు వారాల్లో ఆయన ప్రమాణం చేసి వచ్చేశారు. నేను మాత్రం పోస్టుబాక్సు చుట్టూ తిరుగుతూ ఉండిపోయాను. ఆ టెన్షన్ ఎలాంటిదో పడినవాళ్లకే తెలుసు. ఉద్యోగం ఉంది, ఇల్లుంది, గ్రీన్ కార్డుంది, పైకి చూస్తే ఏ లోటూ లేదు. అయినా రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, పొద్దున లేవగానే ఒకసారి వెబ్‌సైట్లో స్టేటస్ చూసుకోకుండా ఉండలేకపోయేదాన్ని. ఇంట్లోవాళ్లు 'వస్తుందిలే' అంటే ఒళ్లు మండేది. ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పరు, ఎందుకు ఆగిందో అసలే చెప్పరు.

ఆ రోజుల్లో నాకెవరూ చెప్పని ముక్క ఒకటుంది. దాన్నే ఇవాళ మీకు బాగా నొక్కి చెప్పాలనుకుంటున్నాను. ఇంటర్వ్యూ తర్వాత ఎదురుచూపు ఒకటి కాదు, రెండు. నిర్ణయమే జరగకుండా ఆగిపోవడం ఒకటి. నిర్ణయం జరిగిపోయి, ప్రమాణానికి తేదీ ఇవ్వకుండా ఆగిపోవడం ఇంకొకటి. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కానీ చట్టం ఈ రెండింటినీ వేరువేరుగా చూస్తుంది, మనం తట్టాల్సిన తలుపులు కూడా వేరు. మొదటి ఎదురుచూపులో ఉండి రెండోదానికి మందు వేసుకుంటే డబ్బు దండగ, కాలం దండగ.

మొదటిది చూద్దాం. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో 336(బి) అనే సెక్షన్ ఉంది. ఇంటర్వ్యూ జరిగిన నాటి నుంచి 120 రోజుల్లోపు దరఖాస్తు మీద నిర్ణయం రాకపోతే, మీరు ఉండే ప్రాంతంలోని ఫెడరల్ జిల్లా కోర్టుకి వెళ్లవచ్చు. జడ్జి తానే విచారించి నిర్ణయం చెప్పవచ్చు, లేదా ఫలానాది చేయండి అని ఆదేశాలిచ్చి ఇమిగ్రేషన్ వాళ్లకే తిప్పి పంపవచ్చు. ఎక్కువ కేసులు రెండో దారినే పోతాయి. కోర్టు నోటీసు అందాక ప్రభుత్వం తరఫు లాయరు ఫైలు తెప్పించి చూస్తారు, ఎక్కడ ఆగిందో కనుక్కుంటారు, ఇరుపక్షాలూ ఒప్పుకుని కేసు వెనక్కి పంపుతారు, నిర్ణయం వస్తుంది. కోర్టు ఫీజు ఇప్పుడు 405 డాలర్లు. లాయరు ఫీజు దీనికి వేరే. లాయరు లేకుండా సొంతంగా వేసుకునే హక్కు కూడా ఉంది. కానీ ఫైల్లో ఏ చిన్న చిక్కున్నా, అంటే పాత అరెస్టు, విడాకులు, పన్నుల గొడవ, ఎక్కువ రోజులు దేశం బయట ఉండటం లాంటివి ఏవున్నా, లాయర్ని కలవకుండా ఆ గడప తొక్కకండి. త్వరగా నిర్ణయం చెప్పమని అడిగితే త్వరగా 'కాదు' అని కూడా చెప్పగలరు.

120 రోజులు ఎక్కడి నుంచి లెక్కపెట్టాలని వెనకెవరో అడుగుతున్నారు. మంచి ప్రశ్న. ఎక్కువ కోర్టులు ఇంటర్వ్యూ జరిగిన రోజు నుంచే లెక్కపెట్టాయి. సెక్యూరిటీ తనిఖీలు పూర్తయితే తప్ప ఇంటర్వ్యూ ప్రక్రియ పూర్తయినట్టు కాదని ప్రభుత్వం వాదించింది, ఆ వాదన ఒప్పుకున్న కోర్టులు తక్కువే కానీ ఉన్నాయి. మీ ప్రాంతంలో ఎలా ఉందో కనుక్కోవాలి. ఆ ఎన్-652 కాగితాన్ని మాత్రం పెళ్లి పత్రికంత జాగ్రత్తగా దాచుకోండి. మీ 120 రోజులకి సాక్ష్యం అదే.

అసలు కోర్టులకి ఈ సంగతిలో చోటెందుకు ఉందంటే, ఒకప్పుడు ఈ దేశంలో పౌరసత్వం ఇచ్చింది కోర్టులే. 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టంతో ఆ అధికారం ప్రభుత్వ శాఖ చేతికి వచ్చింది. వచ్చినా కోర్టు తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. కొన్ని జిల్లాల్లో ఇప్పటికీ ప్రమాణం చేయించేది జడ్జిగారే.

పాత సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు పోలేను. భగత్ సింగ్ థింద్ అని పంజాబీ ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేశారు. 1918లో సిటిజన్‌షిప్ ఇచ్చారు, కొద్ది రోజుల్లోనే తీసేశారు. 1920లో మళ్లీ ఇచ్చారు. 1923లో సుప్రీంకోర్టు, పౌరసత్వానికి అప్పటి చట్టం అడిగే 'తెల్లవాడు' ఈయన కాదంటూ తీర్పిచ్చింది, అదీ పోయింది. చివరికి 1936లో మూడోసారి వచ్చింది, మాజీ సైనికుల కోసం చేసిన చట్టం పుణ్యమా అని. పద్దెనిమిదేళ్లు! మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఇరవయ్యో దశకంలో ఈ దేశానికి వచ్చారు. ఆయన బృందాలు చేసిన మందుల పని ఎంతమంది ప్రాణాలు కాపాడిందో మీకు తెలుసు. భారతీయులు పౌరులు కావచ్చని చట్టం మారింది 1946లో. 1948లో ఆయన కన్నుమూసేనాటికి కూడా అమెరికా పౌరుడు కాలేదు. మాది కూడా భీమవరం పక్కనే. ఎదురుచూసిన ఆ నెలల్లో ఆయన చాలాసార్లు గుర్తొచ్చారు.

సరే, నిర్ణయం ఎందుకు ఆగుతుంది? ఫైలు వేరే ఊరి నుంచి రావాల్సి ఉండొచ్చు. ఆఫీసరు బదిలీ అయి ఉండొచ్చు. వేలిముద్రల తనిఖీకి పదిహేను నెలలు దాటితే మళ్లీ చేయించాలి. ఇవి అందరికీ ఉండేవే. కానీ మన తెలుగువాళ్లకి ప్రత్యేకంగా తగిలేది పేరు. దీని దగ్గర కాసేపు ఆగుతాను.

మన పేరు ఎలా ఉంటుంది? ఇంటిపేరు ముందొస్తుంది, అదీ ఒక్క అక్షరంగా. తర్వాత వెంకట, సత్య, నాగ, శ్రీ, వీర. ఆ తర్వాత అసలు పేరు. దాని తర్వాత రావో, రెడ్డో, కుమారో, దేవో. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు పొడి అక్షరం. పాస్‌పోర్టులో అదే ఇంటిపేరు పూర్తిగా. కొందరికి పేరంతా కలిపి ఒకే గడిలో పడిపోతుంది, ఇంకో గడి ఖాళీ. అలాంటివాళ్లకి వీసా మీద మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని కొడతారు, మొదటి పేరు తెలియదు అని దాని అర్థం. ఆ మూడక్షరాలు డ్రైవింగ్ లైసెన్సు దాకా, బ్యాంకు దాకా వెంటాడతాయి. లక్ష్మిలో కేఎస్ రాస్తారా, ఎక్స్ రాస్తారా? సూర్యలో ఊ కోసం రెండు ఓలు పెడతారా? ఆడవాళ్లకి పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఒక కాగితంలో మారుతుంది, మరోదాంట్లో మారదు.

నా సంగతి అదే. పుట్టింటి పేరుతో విద్యార్థి వీసా, అత్తింటి పేరుతో హెచ్-1బీ ఉద్యోగ వీసా, గ్రీన్ కార్డులో ఇంటిపేరు, అసలు పేరు తారుమారు. అవన్నీ ఒక్క మనిషివే అని నాకు తెలుసు. ఎఫ్‌బీఐ వాళ్లు చేసే నేమ్ చెక్‌లో మనం రాసిన పేరొక్కటే చూడరు, దాని రూపాలన్నీ వెతుకుతారు. మనలాంటి పేర్లకి ఎన్ని రూపాలో! ఏదో ఒకటి ఎవరిదో రికార్డుతో తగిలితే, ఆ మనిషి మనం కాదని ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి.

అందుకని ఎన్-400లో, అంటే సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారంలో, మీరు వాడిన వేరే పేర్లు రాయమనే చోట సిగ్గుపడకుండా అన్నీ రాయండి. స్పెల్లింగు తేడాలు కూడా రాయండి. ఇప్పటికే ఇంటర్వ్యూ అయిపోయి ఆగిపోయినవాళ్లు ఒకసారి మీ కాగితాలన్నీ డైనింగ్ టేబుల్ మీద పరిచి, ఏ కాగితంలో పేరు ఎలా ఉందో ఒక తెల్ల కాగితం మీద రాసుకోండి. నేను అలా రాస్తే ఏడు రూపాలు తేలాయి. ఆ పట్టీని, పెళ్లి సర్టిఫికెట్‌ని జతచేసి ఉత్తరం రాశాను. దానివల్లే కదిలిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను కానీ, రెండు నెలల్లో మళ్లీ వేలిముద్రలకి పిలిచారు, ఆ తర్వాత ఆమోదం వచ్చింది.

ఇంకో చిన్న మాట. పేరు చక్కబెట్టుకుందామని కొందరు ఎన్-400లోనే పేరు మార్పు అడుగుతారు. పెళ్లి వల్ల మారిన పేరైతే సర్టిఫికెట్ చూపిస్తే చాలు. పూర్తిగా కొత్త పేరు కావాలంటే మాత్రం జడ్జి చేయించే ప్రమాణంలోనే అవుతుంది. ఆ తేదీల కోసం ఇంకొన్నాళ్లు ఆగాల్సి రావచ్చు. తొందరున్నవాళ్లు ఆలోచించుకోండి.

ఇప్పుడు రెండో ఎదురుచూపు. ఆమోదం అయింది, ఓత్ డేట్ లేదు. ఇక్కడ ఆ 120 రోజుల సెక్షన్ పనికిరాదు, ఎందుకంటే నిర్ణయం జరిగిపోయింది. ముందు ఆన్‌లైన్ అకౌంట్లో ఎంక్వైరీ వెయ్యండి. తర్వాత మీ నియోజకవర్గం నుంచి అమెరికా కాంగ్రెస్‌లో, అంటే ఇక్కడి పార్లమెంటులో, ఉన్న సభ్యుల ఆఫీసుకి రాయండి. ఓటు లేని మనల్ని వాళ్లెందుకు పట్టించుకుంటారని అనుకోకండి. ప్రతి ఆఫీసులోనూ ఈ పనికే ఒక ఉద్యోగి ఉంటారు. మీ తరఫున అడగడానికి ఒప్పుకుంటూ ఒక సంతకం తీసుకుంటారు, అంతే. అప్పటికీ కదలకపోతే, చేయాల్సిన పని చేయమని ఆదేశించండి అంటూ వేసే మాండమస్ దావా ఉంది. అది చివరి మెట్టు.

కొందరికి ప్రమాణం తొందరగా పెట్టమని అడిగే వీలు నిబంధనల్లోనే ఉంది. తీవ్రమైన జబ్బు, కదల్లేని వైకల్యం, పెద్ద వయసు, అత్యవసర ప్రయాణం, ఉద్యోగ అవసరం. డాక్టరు ఉత్తరం, టికెట్టు, ఏదో ఒక ఆధారం జతచేసి రాతపూర్వకంగా అడగాలి. మన ఇళ్లల్లో పెద్దవాళ్లకి ఇది వాడుకోవచ్చని చాలామందికి తెలియదు.

పదహారు, పదిహేడేళ్ల పిల్లలున్న తల్లిదండ్రులు దయచేసి ఇది వినండి. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం, గ్రీన్ కార్డుండి మీ కస్టడీలో మీతోపాటు ఇక్కడే ఉంటున్న బిడ్డకి పద్దెనిమిదేళ్లు నిండకముందే అమ్మానాన్నల్లో ఒక్కరు పౌరులైనా, ఆ బిడ్డ తనంతట తానే పౌరుడైపోతుంది. ఇక్కడ లెక్క మీ ప్రమాణం రోజు. ఇంటర్వ్యూ పాసైన రోజు కాదు. బిడ్డ పుట్టినరోజు మంగళవారమైతే, మీ ఓత్ బుధవారమైతే, ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి సొంతంగా దరఖాస్తు చేసుకోవాల్సిందే. ఒక ఇంట్లో ఇలా జరగడం నా కళ్లతో చూశాను. ఆ తల్లి వంటగదిలో నిలబడి, 'నేను ఊరికే కూర్చోకుండా అడిగి ఉండాల్సింది కదా' అని ఏడ్చింది. అడగచ్చని ఆమెకి చెప్పినవాళ్లు లేరు. బర్త్ సర్టిఫికెట్ జతచేసి, బిడ్డకి ఫలానా తేదీన పద్దెనిమిది నిండుతాయని రాసి, వీలైనంత ముందుగా అడగండి. ఇస్తారో లేదో వాళ్లిష్టం, కానీ అడగకుండా మాత్రం ఉండకండి. ఈ గదిలో అలాంటివాళ్లు ఎవరైనా ఉంటే అయ్యాక నాతో మాట్లాడకుండా వెళ్లొద్దు.

నాకు జరిగిన ఇంకో దెబ్బ. ఆమోదం వచ్చిన నెలకే మేం ఇల్లు మారాం. పోస్టాఫీసులో అడ్రస్ మార్చాను, బ్యాంకులో మార్చాను, కరెంటు కంపెనీలో మార్చాను. ఇమిగ్రేషన్ వాళ్ల దగ్గర విడిగా మార్చాలని తోచలేదు. పోస్టాఫీసులో మార్చినంత మాత్రాన వాళ్ల దగ్గర మారదు. చట్టప్రకారం పది రోజుల్లోపు తెలియజేయాలి. పాత ఇంటి పక్కావిడ ఒక రోజు ఫోన్ చేసింది, 'నీ పేరుతో కవరొచ్చింది, సర్కారుదిలా ఉంది' అని. వెళ్లి తెచ్చుకుని కార్లోనే చింపాను. ఓత్ లెటర్. ఎన్-445. అందులోని తేదీ అయిపోయి రెండు రోజులైంది. స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఎంతసేపు ఉన్నానో తెలియదు. కారణం రాస్తూ ఆ కవరు కాపీతో సహా మళ్లీ తేదీ ఇవ్వమని అడిగాను. సరైన కారణం చెప్పకుండా ఒకటి కన్నా ఎక్కువసార్లు రాకపోతే, పౌరసత్వం వద్దనుకున్నట్టు లెక్కకట్టే నిబంధన ఉంది. అందుకే ఒకసారి తప్పితే వెంటనే రాయాలి.

ఆ రెండో తేదీ కోసం చూస్తుండగానే నాన్నకి పక్షవాతం వచ్చింది. అప్పుడు నాకు పట్టిన భయం మీలో చాలామందికి ఉంటుంది. వెళ్లొచ్చా? వెళ్లొచ్చు. ప్రమాణం అయ్యేదాకా మీరు గ్రీన్ కార్డున్న భారత పౌరులే, ఇండియన్ పాస్‌పోర్టు మీద వెళ్లి రావచ్చు. 2022 డిసెంబరు 12న గానీ ఆ తర్వాత గానీ ఎన్-400 వేసినవాళ్లకి ఆ రసీదే గ్రీన్ కార్డుని గడువు తేదీ తర్వాత 24 నెలలు పొడిగిస్తుంది. నేను వెళ్లాను. మా వారు రోజూ పోస్టు చూసి ఫోటో తీసి పంపేవారు. భీమవరం ఆసుపత్రి వరండాలో కూర్చుని ఆ ఫోటోల్లో కవర్లు వెతుక్కునేదాన్ని. నాన్న చేయి పట్టుకుని పదకొండు రోజులు ఉన్నాను. ఆ నిర్ణయానికి ఈ రోజుకీ చింత లేదు.

అదే ప్రమాణం అయిన మర్నాడైతే లెక్క వేరు. భారత పౌరసత్వ చట్టం 1955లోని 9వ సెక్షన్ ప్రకారం, వేరే దేశ పౌరసత్వం తీసుకున్న క్షణాన మన భారత పౌరసత్వం పోతుంది. ఆ తర్వాత ఇండియన్ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయడం నేరం. దాన్ని సరెండర్ చేయాలి, అమెరికా పాస్‌పోర్టు రావాలి, విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డో, వీసానో ఉండాలి. అంటే ప్రమాణం తర్వాత కొన్ని వారాలు మీరు ఊరు వెళ్లలేని కాలం ఒకటుంటుంది. ఇంటి దగ్గర పెద్దవాళ్ల ఆరోగ్యం బాగోలేకపోయినా, చెల్లెలి పెళ్లి ఉన్నా, ముందే క్యాలెండర్ పెట్టుకుని కూర్చోండి. అవసరమైతే ఓత్ వాయిదా అడగడం కూడా తప్పు కాదు.

ఇంటర్వ్యూకీ ప్రమాణానికీ మధ్య కాలంలో చేయకూడనివి త్వరగా చెప్పేస్తాను. ఓటరుగా నమోదు కాకండి. లైసెన్సు రెన్యువల్‌కి వెళ్లినప్పుడు 'ఓటరుగా నమోదు చేయమంటారా' అని అడుగుతారు, అలవాటులో అవునంటే వచ్చే చిక్కు చిన్నది కాదు. ఎక్కడా, ఏ ఫారంలోనూ సిటిజన్ అని టిక్ పెట్టకండి. కోర్టులో జ్యూరీగా కూర్చోమని పిలుపు వస్తే ఇంకా పౌరుల్ని కాదని రాసి పంపండి. ఎన్-445 మీద కొన్ని ప్రశ్నలుంటాయి. ఇంటర్వ్యూ తర్వాత దేశం దాటారా, పెళ్లో విడాకులో అయ్యాయా, ఏదైనా కేసు, అరెస్టు ఉందా అని. ప్రమాణం రోజునే నింపి ఇవ్వాలి. ఉన్నదున్నట్టు రాయండి. ఇండియా వెళ్లొచ్చానని రాస్తే ఓత్ ఆగదు, నాకు ఆగలేదు. దాచిపెడితేనే ప్రమాదం.

2020లో కోవిడ్ వచ్చి మార్చి 18న ఆఫీసులు మూసేసినప్పుడు, జూన్ 4న తెరిచేదాకా వేలమంది ఇలాగే ఆగిపోయారు. తెరిచాక కొన్ని చోట్ల పార్కింగ్ లాట్లలో, కారు అద్దం దించి, కూర్చున్న చోటే కుడి చెయ్యెత్తించి ప్రమాణం చేయించారు. ఇవ్వాలనుకుంటే దారులుంటాయని అప్పుడు అందరం చూశాం.

నా రోజు వచ్చినప్పుడు హాల్లో వంద మందికి పైగా ఉన్నాం. లోపలికి వెళ్లేచోట బల్ల దగ్గర ఒకావిడ గ్రీన్ కార్డు ఇమ్మంది. ఇన్నేళ్లు పర్సులో ప్రాణంలా మోసిన కార్డు. ఇచ్చేముందు ఒక్క క్షణం చెయ్యి ఆగింది, ఆవిడ తొందరపెట్టలేదు. ప్రమాణం అయ్యాక సర్టిఫికెట్ చేతికిచ్చారు. పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూసుకున్నాను. మీరూ అలాగే చూసుకోండి, తప్పుంటే గుమ్మం దాటకముందే చెప్పండి. తర్వాత దిద్దించాలంటే మళ్లీ ఇంకో ఫారం, ఇంకో ఎదురుచూపు.

హాలు మనకి ఇంకా గంటసేపు ఉంది. ఎన్-652 తెచ్చుకున్నవాళ్లు ఈ ఎడమవైపు బల్ల దగ్గరికి రండి. ఏ గడిలో టిక్ ఉందో, ఇంటర్వ్యూ అయి ఎన్ని రోజులైందో ముందు అది చూద్దాం. పదిహేడేళ్ల పిల్లలున్నవాళ్లు వరసలో నిలబడక్కర్లేదు, నేరుగా నా దగ్గరికి వచ్చేయండి.